గీతకు మూరెడు కింద

గీతకూ నీళ్ళకూ మధ్య ఇంకా రెండు మూరలుంది. రాయమల్లు అటక మీద బోర్లా పడుకుని, తల మాత్రం అంచు దాటించి, కంటితోనే కొలుస్తున్నాడు. నలభై ఏళ్ళు బోర్డులు రాసిన కన్ను అది. టేపు తప్పు చెప్పొచ్చు గానీ ఆ కన్ను చెప్పదని చంద్రపూర్ బజార్లో పేరు. ఎదుటి గోడకు ఎర్ర ఎనామెల్ గీత, రెండు వేళ్ళ మందం, ఈ మూల నుంచి ఆ మూల దాకా వెంట్రుకవాసి వంకర లేకుండా, మనిషి నిలువెత్తున. గీసింది తనే. పంతొమ్మిదేళ్ళయినా ఇంకా మెరుస్తూనే ఉంది; మంచి రంగు వాడాడు మరి, పాపిష్టి పనిలో కూడా పనితనానికి లోటు రానివ్వలేదు. గీత కింద తెల్ల సున్నం, సున్నం కింద నల్లటి నీళ్ళు. ఇరై నది ఎప్పుడు ఇంటి మీదికి వచ్చినా ఇదే రంగు, బొగ్గు కడిగిన నీళ్ళ రంగు. మంచం మునిగింది, టీవీ బల్ల మునిగింది. గ్యాసుబండ ఒక్కటే మునగనని మొండికేసి, తేలుతూ తిరుగుతూ, గోడకు తగిలినప్పుడల్లా టంగుమంటోంది, పక్కింటివాళ్ళెవరో పిలుస్తున్నట్టు. పక్కింట్లో ఎవరూ లేరు. సున్నంభట్టి గల్లీ మొత్తంలో ఎవరూ లేరు. ఉన్నది తనూ, వెనకాల వాసానికి తల ఆనించి కూర్చున్న భార్య ప్రేమలతా, అంతే.

సుమన్ వెళ్ళి ఎంతసేపయిందో. ఎదురింటి కనకరాజు కొడుకు సుమన్, పొద్దటినుంచీ పడవ నడుపుతున్నవాళ్ళలో వాడూ ఒకడు. పడవను వాకిట్లో ఆపి, గుమ్మం పట్టుకుని, నడుము దాకా నీళ్ళలో నిలబడి అరిచాడు. "కాకా, పడవ నిండింది. ఈ ముసలోల్లను కోట గేటు కాడ దించి గంటల వస్త. గంటల బ్రిడ్జి కాడ ఆ ఏటి నెంబరుకు వస్తదంట కాకా, ఆడికెల్లి పెరగదంటున్నరు. అటక దిగకుండ్రి." ఆ ఏటి నెంబరు. బ్రిడ్జి స్తంభం మీద అడుగుల అంకెలుంటాయి, వాటినీ ఒకప్పుడు రాయమల్లే రాశాడు. పంతొమ్మిదేళ్ళ క్రితం పెద్ద వరదలో నది ఏ అంకె దాకా ఎక్కిందో ఈ ఊళ్ళో అందరికీ నోటికి వచ్చు. ఆ అంకెలో అబద్ధం లేదు, కాపలా మనిషి అక్కడే ఉండి చూసి రాసుకున్నాడు. అంటే ఇవాళ ఒక గంటలో నది సరిగ్గా ఆనాడు నిలబడ్డ చోటే నిలబడబోతోంది. బ్రిడ్జి దగ్గర అదే ఎత్తయితే ఈ గోడ మీదా అదే ఎత్తు కావాలి కదా. నీళ్ళు వచ్చి గీతను తాకితే రాయమల్లు గీసింది నిజం. తాకకపోతే, పంతొమ్మిదేళ్ళుగా ఈ గల్లీ మొత్తం ఒక అబద్ధం కింద బతికింది. తాకితే మాత్రం ఏమంత సుఖం? ఇవి మట్టి అడుసుతో లేపిన ఇటుక గోడలు. గీత దాకా నీళ్ళెక్కితే గోడ నిలవదు, గోడ నిలవకపోతే అటక నిలవదు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు, నిలకడ దాకా మనిషి ఉండాలి కదా. అయినా కళ్ళు గీత మీదినుంచి కదలడం లేదు.

"పొద్దటి సంది గా గీతనే సూస్తున్నవ్," అంది ప్రేమలత వెనకనుంచి. "గదేమన్న నీ బిడ్డనా?"

బిడ్డ ప్రతిభ బాబుపేట్‌లో ఉంది, అల్లుడి క్వార్టర్లో. ఈపాటికి స్కూలు క్యాంపుకొచ్చి, వచ్చిన ప్రతి పడవలోనూ వీళ్ళ మొహాలు వెతుక్కుంటూ ఉంటుంది. పొద్దున మైకు బండి వచ్చినప్పుడు గల్లీ గల్లీ కదిలింది, రేషన్ కార్డులూ కోళ్ళూ కుట్టుమిషన్లూ ఎత్తుకుని. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు రాయమల్లు మాత్రం వాకిట్లో బాసింపట్టు వేసుక్కూర్చుని, నేను రాను, ఇల్లు చూసుకుంట అన్నాడు. ఇంట్లో ఏముందని చూసుకోవడం? డొక్కు టీవీ, ఎండిపోయిన రంగు డబ్బాలు. ముసలాడికి సామాన్ల మీద పీకులాట అనుకున్నారు అందరూ. పడవలో ఒక కాలు పెట్టిన ప్రేమలత ఆ కాలు వెనక్కి తీసి, గాయన రాకుంటే నేనెట్ల వస్త అని దిగిపోయింది. అది అతని లెక్కలో లేదు. తన తప్పు ఎంతుందో తానొక్కడే చూసుకుందామనుకున్నాడు, చూసుకునే చోటికి ఆమెను కూడా లాక్కొచ్చాడు. చెప్పేస్తే ఆమె పడవ దిగేది కాదేమో, చెప్పడానికి నోరు రాలేదు. మూడేళ్ళుగా రాని నోరు పడవ ముందు వస్తుందా? ఆమె ఇప్పుడు కొంగులోంచి మురమురాలు తీసి గుప్పెడు అతని అరచేతిలో పోసింది. అవి తడిసి మెత్తగా ఉన్నాయి.

అటక మీద కూర్చుంటే పెంకులు తలకు కొడతాయి, పడుకుంటే చెక్కలు రొమ్ముకు ఒత్తుతాయి. టర్పెంటైన్ వాసన, ఎలుకల వాసన, తడిసిన వెదురు వాసన. నడినెత్తి మీద ఉన్న ఒక్క అద్దపు పెంకులోంచి బూడిదరంగు వెలుతురు పడుతోంది, మధ్యాహ్నం మూడో నాలుగో అయ్యుంటుంది. న్యాయంగా ఈ అటక ఉన్నచోట స్లాబు ఉండాలి, స్లాబు మీద ఒక గది, గది మీద ఆకాశం. ప్రతిభ పెళ్ళికి ముందొకసారి, తరవాత ఒకసారి కాగితాలు పెట్టుకున్నాడు. రెండుసార్లూ ఒకే జవాబు, మీ ఇల్లు బ్లూ లైన్ లోపల ఉంది. ఆఫీసు పటంలో అదొక నీలి గీత. దానికి ఇవతల, నదివైపు, కొత్తగా ఇటుక మీద ఇటుక పెట్టరాదు, పాత గోడ పడితే తిరిగి లేపరాదు. ఆ నీలి గీత ఎక్కణ్ణుంచి పుట్టిందంటే ఈ ఎర్ర గీతనుంచే. అప్పుడు మూడుకాళ్ళ దుర్భిణీలు పట్టుకుని సర్వేవాళ్ళు వచ్చారు, ఇదే గోడ ముందు నిలబడి, రాయమల్లు గీత ఎత్తును కాగితం మీద రాసుకుని, అక్కణ్ణుంచి లెక్క కట్టుకుంటూ వార్డంతా తిరిగారు. మాప్ అచ్చయి వచ్చింది. తన గీతే తన స్లాబును అటకెక్కించింది, ఇవాళ తనను కూడా. నవ్వొచ్చింది గానీ అటక మీద నవ్వితే దగ్గు వస్తుంది.

సున్నం తడిస్తే వచ్చే వాసన ఇప్పుడు కిందినుంచి పైకి వస్తోంది. ఆ వాసనే, ఆరో రోజు వాసన. ఆ ఏడు పెద్ద వరద ఒక్క రాత్రి వచ్చి, నిండా నిలబడి, తెల్లారేసరికి తగ్గిపోయింది. అది నిండా నిలబడ్డప్పుడు గల్లీలో చూసిన కన్ను ఒక్కటి లేదు, అందరూ కోట గోడ లోపల బళ్ళో ఉన్నారు. గోండు రాజులు కట్టిన గోడ నగరాన్ని కాపాడింది, గోడ బయటున్న వాళ్ళను నది చూసుకుంది. నాలుగో రోజు మగవాళ్ళు రేషన్ లైన్లలో ఉండగా ఆడవాళ్ళు ముందొచ్చారు ఇళ్ళకు. చీపుళ్ళు పట్టారు, పాములను తరిమారు, బురద తోడారు. ఈ గల్లీలో సున్నానికి కరువా, ఎక్కడికక్కడ రెండు పూతలు సున్నం కొట్టేశారు. ఆరో రోజు ఓవర్‌సియర్ వచ్చాడు, నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో ఇంటింటికీ గుర్తు పెట్టాలని. గల్లీ మొదట్లో బురద చూసి ఆగాడు. షూ మంచివి. టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, రాయమల్లూ, నీ చెయ్యి నిటారుగా ఉంటుందంటారు, ఇక్కడివాడివే, నువ్వే చూసి గీసెయ్ అన్నాడు మరాఠీలో. ఎర్ర రంగు డబ్బా ఇచ్చాడు. బయట గీస్తే వానకు పోతుంది, లోపల ముందు గదిలో, ముందర్రలో గియ్యి అన్నాడు. ఆ మాట మాత్రం సరైనదే.

మొదటి ఇంట్లోకి వెళ్తే తెల్లటి గోడ. బురద చార లేదు, తడి చార లేదు, సున్నం నవ్వుతోంది. ఆ తెల్లటి గోడ నడుమ ఒక్క బొట్టు, పసుపు మీద కుంకుమ, దాని చుట్టూ వేలెడు జాగా వదిలి సున్నం కొట్టారు. గంగమ్మ వచ్చి పోయిన గుర్తు. రెండో ఇంట్లో అంతే, మూడో ఇంట్లో అంతే. ముప్పై ఒక్క ఇళ్ళు, ముప్పై ఒక్క బొట్లు. నీళ్ళు తాకిన చోట పెట్టారు కాబోలనుకున్నాడు. కాబోలు కూడా కాదు, ఇంకోలా ఉండొచ్చని తట్టనే లేదు. రాయమల్లు అంతటివాడు ఊరికే నమ్మలేదండోయ్, మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు తెచ్చి, ఈ ఇంటికీ ఆ ఇంటికీ మట్టం పట్టి చూశాడు. రెండు వేళ్ళ తేడాతో ముప్పై ఒక్క బొట్లూ ఒకే మట్టం. నది తప్ప ఎవరు పెట్టగలరు అంత సమంగా? అని మురిసిపోయాడు, పిచ్చి నాయన. దారానికి నీలిమందు అద్ది, లాగి వదిలి, ఆ చారమీద కుంచె పెట్టి, ఊపిరి బిగబట్టి, ఇంటింటికీ ఒక గీత. సాయంత్రానికి పని అయిపోయింది. ఓవర్‌సియర్ మొదటి రెండిళ్ళలోకి తొంగిచూసి శభాష్ అన్నాడు. బొట్టు మీది నుంచే గీకినవేందయ్యా, కండ్లు కనవడ్తలెవ్వా అని ప్రేమలత కసిరింది. సర్కారు గీత, సర్కారుకు తోచినకాడ గీసుకుంటది అనుకుని ఊరుకున్నారు ఆడవాళ్ళు. వాళ్ళనెవరూ అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

గ్యాసుబండ మళ్ళీ టంగుమంది. నీళ్ళు గోడమీద ఒక జాన ఎక్కాయి. ఇప్పుడు ఒకటిన్నర మూర. ఇంకా ఎక్కుతున్నాయా? ఎక్కుతున్నాయి, తలుపు గొళ్ళెం కనబడడం లేదు. రా తల్లీ, రా, అంటోంది లోపల ఒక గొంతు, అది తన గొంతే, సిగ్గులేని గొంతు. వెనక ఆడమనిషి కూర్చుని ఉంది, ఆమెకు మోకాళ్ళ నొప్పులు, ఈదడం రాదు, అయినా రా అంటోంది. ఎక్కు, ఇంకో మూర ఎక్కు, వచ్చి నా గీతను తాకు, తాకి నన్ను మనిషిని చెయ్యి. ఆ వెంటనే వద్దు తల్లీ అని కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే నీళ్ళ చప్పుడు ఎక్కువైంది. గోడలోంచి ఎక్కడో అడుసు కరిగి బుడబుడమని బుడగలు వస్తున్నాయి, వెనక గోడేమో. తెరిచాడు.

మనుషులు ఎంత వింతవాళ్ళు. ఆ ఏడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఎవరూ చూడలేదు గదా, గీత గీసిన ఏడాదికల్లా అందరూ చూసినవాళ్ళయిపోయారు. ఇగో ఈడిదాక వచ్చినయ్ నీళ్ళు అని గీతమీద చెయ్యి పెట్టి చుట్టాలకు చూపించేవాళ్ళు. గీత కాస్తా జ్ఞాపకమైంది. సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళు ముందర్రలో కూర్చుని చాయ్ తాగుతూ తలెత్తి గీతను చూసేవాళ్ళు, చూసి కప్పు కింద పెట్టేవాళ్ళు. నగరం నాగపూర్ రోడ్డు వైపు మేడలై పెరిగిపోయింది. ఇటు ఇరై ఒడ్డున మాత్రం పెంకులు పెంకులే, పడ్డ గోడ పడ్డట్టే, ప్లాస్టిక్ కవరు కప్పుకుని. కాళ్ళూచేతులూ ఆడేవాళ్ళు లాల్‌పేట్‌కో రాజురాకో వెళ్ళిపోయారు. వెళ్ళలేనివాళ్ళు గీత కింద మిగిలారు. ఎదురింటి ముందు తొమ్మిదేళ్ళ కింద దింపిన ఇటుకల కుప్ప అట్లాగే ఉంది, నాచుపట్టి, దానిమీద ఏదో పిచ్చి మొక్క మొలిచి. ఆ ఇటుకలు కనకరాజువి.

కనకరాజు, గని కరెంటు పనిలో రిటైరైన మనిషి, గల్లీలో ఒకే ఒక్కడు గీతను నమ్మనివాడు. "గూటి దాకనే వచ్చినయ్ నీళ్ళు," అనేవాడు. ప్రతి ఇంట్లోనూ ముందర్ర గోడకు దీపం పెట్టుకునే గూడొకటి ఉంటుంది, గీతకు మూరెడు కింద. "మా ఇంట్ల గూట్ల పెట్టిన అగ్గిపెట్టె తడిలేదు. నేను వచ్చినంక గీకి సూసిన, అంటుకున్నది." ఒక అగ్గిపెట్టె మాట పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. పదిహేనేళ్ళు వెళ్ళాడు. ఫైలు అట్ట చిరిగితే కొత్త అట్ట వేసుకుని వెళ్ళాడు. ఒకసారి పెద్దసారు రాయమల్లును కూడా పిలిపించాడు, గీసినవాడివి నువ్వేగా, చెప్పు అని. అప్పటికి రాయమల్లుకు నిజం తెలియదు. సార్, మట్టం పట్టి గీసిన, ఈ చెయ్యి తప్పు గీయదు అని చెయ్యి చాపి చూపించాడు. కనకరాజు ఆ చేతిని చూశాడు, తనను చూశాడు. తిరిగొచ్చేటప్పుడు ఒకే ఆటోలో వచ్చారు ఇద్దరూ, జట్‌పురా గేటు దాకా. అక్కడ దిగి కనకరాజే చాయ్ తాగుదామన్నాడు. తాగారు. అది ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది, పన్నెండేళ్ళయినా దిగలేదు.

ఇప్పుడు మూరా, మూరమీద ఒక బెత్తెడు. గూటి కింది అంచు కనబడుతోంది ఇంకా. గూట్లో మట్టి ప్రమిద, నిన్నటి వత్తి. నిజం తెలిసింది మూడేళ్ళ కింద, ఇంత చిన్న విషయంలా. ఆ ఏడు చిన్న వరద, నీళ్ళు వాకిట్లో రెండు మెట్లు తడిపి పోయాయి. రాయమల్లు అరుగు మీద కూర్చుని ఎవరిదో లారీకి నంబరు ప్లేటు రాస్తున్నాడు. ప్రేమలత పసుపు కుంకుమ తెచ్చి, మెట్టు పక్క గోడకు తడి ఉన్నచోట మోచెయ్యి ఆనించి, చెయ్యి నిటారుగా పైకి చాపి, నడిమివేలు తగిలినచోట బొట్టు పెట్టింది. గంత మీద ఎందుకే అన్నాడు ఊరికే. ఆమె నవ్వింది. "కాళ్ళకు బొట్టు పెడ్తరా ఎవలన్న? నీళ్ళంటే తల్లి పాదాలు. మూరెడు పొడుగు మనిషి గంగమ్మ, నుదురు పైన ఉంటది. మా ప్రాణహిత ఒడ్డున అందరం గట్లనే పెడ్తం, ఆ ఏడు సుత గట్లనే పెట్టినం." అని లోపలికి వెళ్ళిపోయింది, పొయ్యిమీద పాలున్నాయని. ఆరు అంకె సగంలో కుంచె ఆగిపోయింది. ముప్పై ఒక్క మోచేతులు. ముప్పై ఒక్క ఆడవాళ్ళ మూరలు, రెండు వేళ్ళ తేడాతో. నది కాదు మట్టం పట్టింది, ఆడవాళ్ళ చేతులు.

తిలాపాపం తలా పిడికెడు అనుకుని పంచి చూశాడు చాలా రాత్రులు. బురదలో దిగని షూ వాడిది ఒక పిడికెడు. ఎవడో పెయింటరు గీసినదాన్ని కళ్ళుమూసుకుని పటానికి ఎక్కించినవాళ్ళది ఒక పిడికెడు. ఎంత పంచినా దోసిట్లో మిగిలేది మిగులుతూనే ఉంది. ఎదురిల్లు పది అడుగుల దూరం. దాటి వెళ్ళి, కనకరాజూ, నీ అగ్గిపెట్టె నిజం అనడానికి ఎంతసేపు? పొద్దున్నే వెళ్దామనుకునేవాడు, పొద్దున్నే అతను ఫైలు సంచీలో పెట్టుకుంటూ కనబడేవాడు. చెప్తే ఆ పదిహేనేళ్ళు ఎవరు తిరిగిస్తారు, గల్లీలో తన మొహం ఎవరు చూస్తారు, చెయ్యి తప్పు గీయదన్న ఆ ఒక్క పేరు తప్ప తనకు ఈ ఊళ్ళో ఇంకేముంది. బోర్డులన్నీ ఫ్లెక్సులు మింగాక మిగిలింది అదొక్కటే. అట్లా రెండేళ్ళు కావచ్చింది. పోయిన ఏడాది ఎండాకాలంలో కనకరాజు పడమటి గోడ వాలింది, వెదుళ్ళు పోటు పెట్టుకున్నారు, ఆ వెదుళ్ళ కిందే మంచం వేసుకుని, ఊపిరితిత్తుల్లో బొగ్గుతో, మనిషి పోయాడు. పాడె కట్టడానికి ఆ వెదుళ్ళలోంచే రెండు తీశారు. భుజం పట్టినవాళ్ళలో రాయమల్లు ఉన్నాడు. అప్పుడైనా చెప్పలేదు. మనిషి భయస్తుడు, ఇంకేం లేదు, ఉత్త భయస్తుడు.

"నిలవడ్డయ్," అంది ప్రేమలత.

ఎప్పుడు పక్కకు జరిగి వచ్చిందో, ఆమె తల కూడా అటక అంచు దాటి ఉంది. అతను చూశాడు. నీళ్ళు గూటి అంచును తాకాయి. ప్రమిదను మాత్రం తాకలేదు. నల్లటి నీళ్ళ మీద ఒక పుల్ల ముక్క గోడకు అంటుకుని పైకి పోదు, కిందికి పోదు. గుండెలో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, వంద దాకా, మళ్ళీ వంద దాకా. పెరుగు తల్లీ అనలేదు ఈసారి. గీత అక్కడ పైన, పొడిగా, తళతళా మెరుస్తూ, ఎవరికీ పనికిరాకుండా ఉంది. మూరెడు. సరిగ్గా మూరెడు. బతికిపోయామన్న సంతోషం ఒంట్లోకి వచ్చింది, దాని వెనకే, గీత అబద్ధమన్న రెండోది వచ్చింది, ఒకే గుమ్మంలోంచి రెండూ దూరలేక లోపల తన్నుకున్నాయి. వెనక గదిలో గోడ ముక్కొకటి బుళుక్కున నీళ్ళలో పడింది. ప్రేమలత అతని చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది, కుంకుమ భరిణె ఇంకో చేతిలో ఉంది.

"కాకా! ఓ కాకా!"

సుమన్ రొమ్ము దాకా నీళ్ళలో గుమ్మం దాటి వచ్చాడు, భుజానికి రెండు నారింజ రంగు జాకెట్లు, మెడలో ప్లాస్టిక్ సంచీలో ఫోను. "నెంబరు తాకింది కాకా. అర్ధగంటాయె, ఆడనే ఉన్నది. దిగుండ్రి, జల్ది. మీ ఎనక గోడ పోతున్నది." నిచ్చెన అటక అంచు నుంచి గీత ఉన్న గోడ పక్కకే దిగుతుంది. ప్రేమలత ముందు దిగింది, ఒక్కొక్క మెట్టుకూ అమ్మా అనుకుంటూ. నీళ్ళు నడుము దాకా వచ్చేసరికి సుమన్ ఆమెకు జాకెట్ తొడిగి, తాళ్ళు ముడివేశాడు. ఆమె కదల్లేదు. భరిణె మూత పళ్ళతో తీసింది.

"గిదేం యాళ్ళ చిన్నమ్మా!"

"తల్లి ఇంట్లకొచ్చి నిలవడ్డది. బొట్టు పెట్టకుండ పోతరా బిడ్డా?" అని, గోడా నీళ్ళూ కలిసినచోట మోచెయ్యి ఆనించి, చెయ్యి నిటారుగా పైకి చాపింది. పసుపు అద్దిన నడిమివేలు గోడను తాకింది. తాకినచోట ఎర్ర గీత ఉంది. గీత నడిమధ్యన పసుపు పచ్చగా అంటుకుంది.

"గంత మీద పెడ్తరా?" అన్నాడు సుమన్.

"పాదాలకు పెట్టం కదా బిడ్డా. మూరెడు పైన పెడ్తం. ఆ ఏడు సుత గట్లనే..." ప్రేమలత ఆగిపోయింది. వేలు గీత మీదే ఉంది. మోచేతిని చూసింది, నీళ్ళను చూసింది, వేలిని చూసింది. ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి తలెత్తి అటక మీద ఉన్న మొగుణ్ణి చూసింది, పొద్దటినుంచి అతను ఏం చూస్తున్నాడో అప్పుడర్థమై.

ఇప్పుడు కూడా నోరు రాకపోతే ఇంకెప్పుడూ రాదు. "సుమన్," అన్నాడు రాయమల్లు. "ఆ ఏడు నేను నీళ్ళను సూసి గీయలే. వీళ్ళ బొట్లను సూసి గీసిన. మీ బాపు చెప్పిందే నిజం. గూటి దాకనే." అంతటితో ఆగొచ్చు, ఆగితే సగం బతకొచ్చు. ఆగలేదు. "నాకు మూడేండ్ల సంది ఎరుక."

సుమన్ గూటి వైపు చూశాడు. ప్రమిదను చూశాడు. చేతిలో రెండో జాకెట్ నీళ్ళలోకి జారి పక్కన తేలింది. గ్యాసుబండ వచ్చి వాడి వీపుకు తగిలి, మెల్లగా తిరిగిపోయింది. "మూడేండ్ల సంది," అన్నాడు, అడుగుతున్నట్టు కాదు, లెక్కపెడుతున్నట్టు. కొడితే బాగుండుననిపించింది రాయమల్లుకు. వాడు కొట్టలేదు. సున్నం గోడ మీద అరచెయ్యి పెట్టి అన్నాడు. "రేపు నీళ్ళు తీస్తయ్. మల్ల అందరు గోడలు కడుగుతరు, సున్నం కొడ్తరు. మల్ల ఎవడు నమ్ముతడు?"

రాయమల్లు అటక మూలనున్న డబ్బాలోకి చెయ్యి పెట్టాడు. రంగు కోసం కాదు, తడి గోడ రంగు పట్టదు, ఆ మాత్రం తెలుసు. పాత రంగు గీకే ఇనుప పట్టీ దొరికింది. దాన్ని పట్టుకుని దిగాడు. నీళ్ళు చల్లగా పొట్టకు తగిలాయి, రొమ్ముకు తగిలాయి. నీళ్ళు గోడను ముట్టుకుంటున్నచోట పట్టీ మొన పెట్టి బలంగా లాగాడు. గోడను పొడుస్తవేందయ్యా, కూలుతది అంటోంది ప్రేమలత, ఏడుస్తూనో కసురుతూనో. కాళ్ళకింద బురద జారుతోంది. వెనకనుంచి సుమన్ అతని నడుము పట్టుకుని పడకుండా ఆపాడు, ఆ పట్టులో ప్రేమ లేదు, వదలడమూ లేదు. సున్నం పెచ్చులుగా రాలి నీళ్ళలో పడుతోంది, కింద ఇటుక ఎర్రగా బయటపడుతోంది. నీళ్ళు ఊగినప్పుడల్లా చెయ్యి ఊగుతోంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా లాగేసరికి గీత పాములా మెలికలు తిరిగింది. నలభై ఏళ్ళలో ఇట్లాంటి గీత ఎప్పుడూ గీయలేదు.

"వంకర పోయింది," అన్నాడు, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

సుమన్ ఫోను తీసి, బొట్టూ, పై గీతా, కింది గీతా, నీళ్ళూ అన్నీ కనబడేట్టు రెండు ఫోటోలు తీశాడు. తేలుతున్న జాకెట్‌ను అందుకుని అతనికి తొడిగి, తాళ్ళు గట్టిగా లాగి ముడివేశాడు. "ఇంక నడువు," అన్నాడు. కాకా అనలేదు.